లిపి
కర్నూలు, కడపల డీటీపీ దుకాణములలో, పాత కంప్యూటరు తెరపై విజువల్ బేసిక్‌తో రెండు పెట్టెలను, ఒక బటన్‌ను అమర్చి, ‘అను’ ఫాంటులోని పాఠమును యూనికోడునకు మార్చు పనిని ‘లిప్యంతరీకరణ’ మనుచున్నారు. కాని అచట మారునది లిపి కాదు, ఆంగ్లాక్షరస్థానములందు దాగిన తలకట్టు, గుడి, వత్తుల ముక్కలు తొలగి, ‘క’కు 0సి15 అనునట్లు ప్రతివర్ణమునకును నియతసంఖ్య యేర్పడుటయే. పూయుట యను నర్థముగల ‘లిప్’ ధాతువునుండి, లేపన, లిప్త శబ్దములతోపాటు, ‘లిపి’ యను మాట పుట్టినదని వైయాకరణుల మతము. అశోకుని వాయవ్యశాసనములలో ‘దిపి’ యనియు కానవచ్చుటచే పారసీకమే మూలమని పలువురు పండితు లెంచిరి, నాకును నదియే సమ్మతము. కర్నూలు సీమలోని ఎఱ్ఱగుడి బండపై ఆ చక్రవర్తి చెక్కించిన పంక్తులు కొన్ని యెడమనుండియు, కొన్ని కుడినుండియు నడచినను, లిపి బ్రాహ్మియే. కావున తెలుగును నాగరిలో వ్రాసినపుడే లిప్యంతరమనవలెను. ఫాంటు మార్పునకు ‘సంకేతాంతరణము’ చాలును.