ఓడ దిగిన కాల్బలము

కామ్‌రేజ్ ప్రక్కగా పారు తపతి సూరతును దాటి సముద్రమును చేరును. 1664 జనవరిలో శివాజీ సూరతుపై పడినప్పుడు, ఆంగ్లేయ వర్తకాధిపతి ఆక్సెండెన్ సువాలి రేవులోని ఓడలనుండి నావికులను దింపి తన కోఠీని కాపాడుకొనెను. ఓడవారు నేలపై పోరుట అవసరమున పుట్టిన విద్య. ఆ యేడే అక్టోబరులో ఇంగ్లండున ఓడలపై పోరుటకు 1200 మంది కాల్బలమును సమకూర్చిరి. రాయల్ మెరీన్లకు అదియే మూలము.

కమాండో యను పేరు మాత్రము దక్షిణాఫ్రికాలో బ్రిటిషువారిని ముప్పుతిప్పలు పెట్టిన బోయరులది. శత్రువు పేరే బిరుదైనది! 1940లో ఫ్రాన్సు ఓడిపోగా చర్చిల్ మెరుపుదాడి దళములను కోరెను. 1942 ఫిబ్రవరిలో మెరీన్లనుండి తొలి కమాండో దళము వెలసినది. సముద్రముపై వచ్చి, తీరమున దెబ్బతీసి, మరలిపోవుట వారి పని. మరలుటయే కష్టము. ఆ డిసెంబరులో మరియొక మెరీన్ దళమువారు పదిమంది చిరుపడవలలో బోర్డో రేవుపైకి బయలుదేరిరి. ఇద్దరే తిరిగివచ్చిరి.