కళా విజ్ఞాన నగరం, వాలెన్సియా

స్పెయిన్‌లోని వాలెన్సియాలో ఉన్న ఆధునిక భవన సముదాయం. 1957 వరదల తర్వాత తూరియా నదిని దారి మళ్లించగా మిగిలిన పాత నదీగర్భంలో దీన్ని కట్టారు. ఎక్కువ భవనాల రూపశిల్పి ఆ ప్రాంతంవాడే అయిన సాంతియాగో కలత్రావా.

1998లో తెరిచిన ఎమిస్ఫెరిక్ కంటి ఆకారంలో ఉంటుంది. కొలనులో పడే నీడతో కలిస్తేనే ఆ కన్ను పూర్తవుతుంది. లోపల గుమ్మటపు తెరపై సినిమాలు, నక్షత్రశాల ప్రదర్శనలు వేస్తారు. 2000లో వచ్చిన సైన్స్ మ్యూజియంలో పరికరాలను ముట్టుకుని, తిప్పి చూడవచ్చు. వాస్తుశిల్పి ఫెలిక్స్ కాండెలా పేరుతో ముడిపడిన సముద్రజీవుల ప్రదర్శనశాల ఓషనోగ్రాఫిక్ 2003లో, ఒపేరా భవనం 2005లో ప్రారంభమయ్యాయి. ఒపేరా భవనం పైకప్పుకు అతికిన పింగాణీ పెంకులు 2013లో ఊడిపడటంతో దాన్ని కొంతకాలం మూసివేశారు.

ప్రదర్శనశాలలకు టిక్కెట్టు కావాలి. కొలనుల చుట్టూ, ఉంబ్రాక్లే తోటలో ఉచితంగా తిరగవచ్చు.