బాత్రూమ్ అద్దం బిగిస్తున్నారా? ముందు గోడ ఏంటో చూడండి.. లైట్ విషయంలోనూ ఈ జాగ్రత్తలు తప్పనిసరి!

కొత్త ఇల్లు కట్టినా, ఫ్లాట్ కొన్నా టైల్స్, ట్యాపుల మీద పెట్టే శ్రద్ధ వాష్ బేసిన్ పైన ఉండే అద్దం మీద పెట్టం. చివర్లో ఎవరో ఒకరు వచ్చి రెండు స్క్రూలు బిగించి వెళ్లిపోతారు. కానీ అది తడి చేతులతో నిలబడే చోటు. పైన బరువైన గాజు, పక్కనే కరెంట్. అందుకే ముందే ప్లాన్ చేసుకోవాలి.

బరువు ఎంత?
5 మిల్లీమీటర్ల మందం ఉన్న అద్దం చదరపు మీటరుకు దాదాపు 12.5 కిలోలు తూగుతుంది. అంటే 2 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు ఉన్న అద్దం సుమారు 7 కిలోలు. ఫ్రేమ్, లైట్ ఉంటే ఇంకా ఎక్కువే. డబుల్ సైడ్ టేప్‌ను మాత్రమే నమ్ముకుంటే తేమకు అది వదిలేసే ప్రమాదం ఉంది.

గోడను బట్టి ప్లగ్
ఎర్ర ఇటుక గోడకు మామూలు ప్లాస్టిక్ ప్లగ్ సరిపోతుంది. ఇప్పుడు చాలా అపార్ట్‌మెంట్లలో వాడే ఏఏసీ బ్లాకులు తేలికగా, మెత్తగా ఉంటాయి. వాటిలో మామూలు ప్లగ్ వదులైపోతుంది. ఆ బ్లాకుల కోసమే చేసిన ప్లగ్ అడిగి తీసుకోండి. మైవాన్ పద్ధతిలో కట్టిన కాంక్రీట్ గోడైతే తర్వాత వైర్ కోసం గాడి కొట్టడం కష్టం, మంచిది కూడా కాదు. లైట్ పాయింట్ ఎక్కడో కట్టేటప్పుడే తేల్చుకోవాలి.

టైల్ మీద డ్రిల్ చేసేటప్పుడు మాస్కింగ్ టేప్ అంటించి, టైల్ బిట్‌తో నెమ్మదిగా వేయాలి. టైల్ దాటేదాకా హ్యామర్ మోడ్ వద్దు. ట్యాప్‌కి నేరుగా పైన, స్విచ్‌బోర్డుకి నేరుగా పైన రంధ్రం వేయకండి. లోపల పైపో, వైరో ఉండొచ్చు. టైల్స్ వేయకముందే గోడ ఫొటో తీసి పెట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

ఎత్తు ఎంత ఉండాలి?
అద్దం మధ్యభాగం నేల నుంచి సుమారు 5 అడుగుల ఎత్తులో ఉంటే ఎక్కువ మందికి సరిపోతుంది. బేసిన్ అంచుకీ అద్దానికీ మధ్య 6 నుంచి 8 అంగుళాలు వదలండి, నీళ్లు తక్కువ చిందుతాయి. బిగించే ముందు ఇంట్లో అందరికంటే పొట్టివాళ్లను, పొడుగువాళ్లను నిలబెట్టి చూస్తే సరి.

లైట్ ఎక్కడ పెట్టాలి?
సీలింగ్ లైట్ ఒక్కటే ఉంటే కళ్ల కింద, గడ్డం కింద నీడ పడుతుంది. షేవింగ్‌కీ, మేకప్‌కీ ఇబ్బందే. అద్దానికి రెండు వైపులా ముఖం ఎత్తులో లైట్లు ఉంటే నీడ పడదు. చోటు లేకపోతే అద్దం పైన పొడవాటి లైట్ పెట్టుకోవచ్చు. బల్బు కొనేటప్పుడు డబ్బా మీద రెండు అంకెలు చూడండి. 4000 కెల్విన్ అయితే మరీ పసుపూ కాదు, మరీ తెలుపూ కాదు. సీఆర్ఐ 90 దగ్గర ఉంటే చర్మం రంగు సహజంగా కనిపిస్తుంది.

షాక్ కొట్టకుండా..
ఐపీ44 అని రాసి ఉన్న లైట్ అన్ని వైపుల నుంచి చిందే నీటిని తట్టుకుంటుంది. అద్దంలోనే ఎల్ఈడీ ఉన్న మోడల్‌కీ ఇది చూడాల్సిందే. ఎర్తింగ్ ఉండాలి, బాత్రూమ్ లైన్‌కి 30 మిల్లీ యాంప్స్ ఆర్‌సీసీబీ ఉండాలి. కరెంట్ లీకైతే క్షణంలో సప్లై ఆపేసేది అదే.

నల్ల మచ్చలు ఎందుకు వస్తాయి?
తేమ, యాసిడ్ వెనకున్న వెండి పూతను తినేస్తాయి. అంటించాలంటే న్యూట్రల్ సిలికాన్ అడగండి. వెనిగర్ వాసన వచ్చే రకం పూతను పాడుచేస్తుంది. తుడిచేటప్పుడు క్లీనర్‌ను గుడ్డ మీద వేసి తుడవండి, అద్దం మీద నేరుగా కొడితే అంచుల్లోంచి లోపలికి దిగుతుంది.

గమనిక: వైరింగ్ పనులు మెయిన్ ఆఫ్ చేసి, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించుకోండి.