పొదుపు సంఘం

పొదుపు సంఘం అనగా ఒకే ఊరికి లేదా వాడకు చెందిన పది నుండి పదిహేను మంది స్త్రీలు క్రమం తప్పకుండా కొద్ది మొత్తాన్ని కూడబెట్టి, ఆ సొమ్మును తమలో తాము అప్పుగా ఇచ్చిపుచ్చుకొనే సమూహం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వీటిని డ్వాక్రా సంఘాలు, మహిళా సంఘాలు, స్వయం సహాయక సంఘాలు అని కూడా వ్యవహరిస్తారు. పోపు డబ్బాలో చిల్లర దాచుకొనే పాత అలవాటుకు ఇది సామూహిక రూపం. వడ్డీ రూపంలో పేద కుటుంబం నుండి తరలిపోయే సొమ్మును తగ్గించడం దీని ముఖ్య ప్రయోజనం.

చరిత్ర

కేంద్ర ప్రభుత్వం 1982-83లో గ్రామీణ ప్రాంత స్త్రీ, శిశు అభివృద్ధి పథకాన్ని (డ్వాక్రా) ప్రారంభించింది. 1992లో నాబార్డు 500 సంఘాలను బ్యాంకులతో అనుసంధానించే ప్రయోగం చేపట్టింది. అదే కాలంలో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధానికి దారితీసింది. ఆ ఉద్యమం వెన్నంటే, రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకొనే "పొదుపు లక్ష్మి" సంఘాలు నెల్లూరు జిల్లాలో వెలిశాయి. 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్), ప్రపంచ బ్యాంకు సహాయంతో అమలైన "వెలుగు" పథకం ద్వారా సంఘాలను గ్రామ, మండల, జిల్లా సమాఖ్యలుగా కూర్చింది.

పనిచేసే విధానం

సంఘం నడకకు ఐదు నియమాలున్నాయి. వీటిని పంచసూత్రాలు అంటారు.

* క్రమం తప్పని సమావేశం
* క్రమం తప్పని పొదుపు
* అంతర్గతంగా అప్పులివ్వడం
* వాయిదా ప్రకారం తిరిగి చెల్లించడం
* పుస్తకాలు సక్రమంగా వ్రాయడం

పొదుపు సొమ్ము సంఘం పేరిట బ్యాంకు ఖాతాలో ఉంటుంది. ఎవరికి ఎంత అప్పు ఇవ్వాలో సమావేశంలో అందరూ కలిసి తీర్మానిస్తారు. చీటీ పాటలో పోగైన మొత్తం ప్రతి నెల ఒక్కరి చేతికి వెళ్తుంది. చీటీ ముగియగానే నిధి కూడా ముగుస్తుంది. సంఘంలో నిధి నిలిచి, వడ్డీతో పెరుగుతుంది. కొన్ని నెలలు సక్రమంగా నడిచిన సంఘానికి బ్యాంకు ఆస్తి తాకట్టు లేకుండా రుణమిస్తుంది.

వడ్డీ లెక్క

రోజుకు రూపాయి చొప్పున ఒక సభ్యురాలు నెలకు 30, సంవత్సరానికి 360 రూపాయలు దాచగలదు. వేయి రూపాయల అప్పుపై సంవత్సరానికి అయ్యే వడ్డీతో దీనిని పోల్చవచ్చు.

* నూటికి నెలకు 3 రూపాయలు (వ్యాపారి వద్ద): 360 రూపాయలు
* నూటికి నెలకు 1 రూపాయి (సంఘంలో): 120 రూపాయలు
* నూటికి నెలకు పావలా: 30 రూపాయలు

అనగా మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన ఒక్క వేయి రూపాయల అప్పు, ఏడాది పొదుపునంతటినీ హరిస్తుంది. సంఘానికి చెల్లించే వడ్డీ మాత్రం ఉమ్మడి నిధిలోనే చేరుతుంది. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రవేశపెట్టిన పావలా వడ్డీ పథకంలో, వాయిదాలు సకాలంలో చెల్లించిన సంఘాలకు పావలాకు మించిన వడ్డీని తిరిగి ఇచ్చేవారు. 2012లో దీని స్థానంలో వడ్డీ లేని రుణాల పథకం వచ్చింది.

కుటుంబ వ్యయంపై ప్రభావం

చెరకు పండించే చోడవరం, అనకాపల్లి వంటి ప్రాంతాలలో పంట డబ్బు ఏడాదికి ఒకసారి చేతికి వస్తుంది. బియ్యం, నూనె, మందుల ఖర్చు నెలనెలా ఉంటుంది. జూన్‌లో బడి పుస్తకాల ఖర్చు దీనికి తోడవుతుంది. ఈ అంతరాన్ని పూడ్చే చిన్న అప్పు సంఘంలో దొరికితే పుస్తె తాకట్టు పెట్టవలసిన అవసరం గాని, పంటను ముందే తక్కువ ధరకు ఒప్పుకోవలసిన అవసరం గాని తప్పుతుంది.

ఇబ్బందులు

ఒక సభ్యురాలు వాయిదా తప్పితే సంఘమంతటికీ కొత్త రుణం నిలిచిపోవచ్చు. పుస్తకాలు ఒక్కరి చేతిలోనే ఉంటే మిగిలినవారికి తమ లెక్క తెలియదు. అందువలన ప్రతి సభ్యురాలు తన పాసు పుస్తకంలోని మొత్తాన్ని సమావేశంలో చదివి సరిచూసుకోవడం అవసరం. 2000ల చివరి సంవత్సరాలలో ప్రైవేటు సూక్ష్మ రుణ సంస్థలు ఇవే కుటుంబాలకు ఒకదానిపై ఒకటిగా అప్పులిచ్చి వారం వారం వసూలు చేశాయి. వసూళ్ల ఒత్తిడితో ఆత్మహత్యలు జరిగినట్లు ఆరోపణలు రావడంతో 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం వాటి నియంత్రణకు ఆర్డినెన్సు జారీ చేసింది. సంఘాలకు త్వరగా రుణమందించేందుకు 2011లో స్త్రీనిధి సహకార సంస్థ ఏర్పడింది.

ఇవి కూడా చూడండి

* నాబార్డు
* సారా వ్యతిరేక ఉద్యమం
* చిట్ ఫండ్