మిల్లు భూములు - మేడలు - మనవారు

ముంబయిలో లోయర్ పరేల్, లాల్‌బాగ్, వర్లీ ప్రాంతములను మరాఠీ సోదరులు 'గిరణ్‌గావ్' అందురు. గిరణి యనగా మిల్లు. గావ్ యనగా ఊరు. ఆ మిల్లుల ఊరు నేడు మేడల ఊరైనది. ఈ మార్పు ఎట్లు జరిగెనో, అందులో మనవారి పాలు ఎంతయో మన పిల్లలు తెలిసికొనవలెను.

1854లో కావస్‌జీ నానాభాయ్ దావర్ స్థాపించిన నూలు మిల్లు 1856లో పని ప్రారంభించెను. పిదప ఒకదాని వెంట ఒకటిగా మిల్లులు వెలసెను. వడకు శాల, నేత శాల, పత్తి బేళ్లకు గిడ్డంగులు, బాయిలరుకు నీటి కొలను, పొగగొట్టము - ఇన్నియు ఒకే ఆవరణలో ఉండుటచే ఒక్కొక్క మిల్లు ఎకరముల కొలది నేలను ఆక్రమించెను.

మనవారు ఈ నగరమునకు ముఖ్యముగా రెండు వృత్తులతో వచ్చిరి. నిజాము రాజ్యమునుండి వచ్చి, రాళ్లు మోసి, సున్నము కలిపి భవనములు కట్టినవారిని కామాఠీలనిరి. కామాఠిపురకు ఆ పేరు వారివలననే వచ్చినది. మగ్గము విద్య నెరిగిన పద్మశాలీలు మిల్లులలో చేరిరి. ఊరిలో గుంట మగ్గమునకు అలవాటుపడిన చేతులు ఇచట సాంచలు నడపెను.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వమున సుమారు రెండున్నర లక్షల కార్మికులు సమ్మె కట్టిరి. ఆ సమ్మె లాంఛనముగా ముగియనే లేదు. పాత యంత్రములు, పెరిగిన నష్టములు, మరమగ్గముల పోటీ అదివరకే మిల్లులను కుంగదీసియుండెను. గేట్లు ఒక్కొక్కటిగా మూతపడెను. అప్పుడు బట్టకంటె నేలకే విలువ హెచ్చెను.

1991 నిబంధన ప్రకారము మిల్లు నేలను ఇంచుమించు మూడు పాళ్లు చేయవలెను: ఒకటి ఉద్యానములకు, ఒకటి ప్రజల ఇండ్లకు, ఒకటి యజమానికి. 2001లో ఆ నిబంధనను సవరించిరి. పంపకము మొత్తము నేలకు గాక, కట్టడములు లేని ఖాళీ నేలకే వర్తించునని మార్చిరి. లెక్క చూడుడు. ముప్పది ఎకరముల మిల్లులో ఖాళీ నేల మూడెకరములే అనుకొందము. పాత లెక్కన ప్రజలకు దాదాపు ఇరువది ఎకరములు రావలసియుండగా, కొత్త లెక్కన రెండెకరములే వచ్చును. బొంబాయి హైకోర్టు 2005లో ఈ సవరణను ఒప్పుకొనలేదు. సుప్రీం కోర్టు 2006 మార్చిలో దానిని నిలబెట్టెను.

అటుపిమ్మట మేడలు వేగముగ లేచెను. శ్రీనివాస్ మిల్లు చోట వరల్డ్ వన్ అను నివాస భవనము సుమారు 280 మీటర్ల ఎత్తున నిలిచినది. ఫీనిక్స్ మిల్లు ఆవరణ దుకాణములతో, ఫలహారశాలలతో నిండినది. పాత పొగగొట్టము మాత్రము వాటి నడుమ మిగిలియున్నది. నగరమునకు ఇండ్లు, కొత్త ఉద్యోగములు కావలసినవే; మేడ కట్టుట తప్పుకాదు. నేల చేతులు మారునప్పుడు దానిపై చెమటోడ్చినవాని వంతు ఎంత యనునదే ప్రశ్న.

కార్మికుల సుదీర్ఘ పోరాట ఫలితముగా 2012లో సుమారు 6,900 ఇండ్లకు చీటీలు తీసిరి. దరఖాస్తు పెట్టినవారు దాదాపు లక్షన్నర. 1982 జనవరి 1న గాని, ఆ తరువాత గాని తాను మిల్లు కొలువులో ఉన్నట్లు కార్మికుడు కాగితముతో రుజువు చేయవలసివచ్చెను. యజమాని హక్కు దస్తావేజులలో భద్రముగా ఉండును. కార్మికుని బ్రతుకునకు సాక్ష్యము మాత్రము ఒక చిన్న హాజరు టిక్కెట్టు. అది పోయిన ముప్పదేండ్ల కొలువు కూడ లేనట్లే.

కావున సోదర సోదరీమణులారా, ఈ ఉగాదికి ఇల్లు దులుపునపుడు ట్రంకు పెట్టెలో తాతగారి మిల్లు టిక్కెట్టో, ప్రావిడెంటు ఫండు చీటియో, ఇ.ఎస్.ఐ. కార్డో కనబడిన పారవేయకుడు. ఏ మిల్లు, ఏ ఖాత, ఏ సంవత్సరమో పెద్దలనడిగి వెనుక వ్రాసియుంచుడు. ఈ నగరమున మనవారి చరిత్ర ముందుగా ఆ కాగితములనుండియే వ్రాయవలసియున్నది.