ఆజాదీ ఎవరిది?

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా ఆపా కొడుకు మొన్న ఆగస్టులో ఫోన్ చేశాడు. ఆఫీసులో జెండా పండగ క్విజ్ అట. "మామూ, హైదరాబాద్‌కు ఆజాదీ ఎప్పుడొచ్చింది? 1947 ఆగస్టు 15 అని పెట్టాల్నా, 1948 సెప్టెంబర్ 17 అని పెట్టాల్నా?"

ఉర్దూలో, తెలుగులో వార్తలు రాసి బతికేవాణ్ణి. వెంటనే చెప్పలేకపోయాను.

పేచీ తేదీతో కాదు, మాటతో. తెలుగులో దేశానికి స్వాతంత్ర్యం, మనిషికి స్వేచ్ఛ. ఉర్దూలో రెండింటికీ ఆజాదీయే. 1947 జూన్‌లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇండియాలోనూ పాకిస్తాన్‌లోనూ చేరనని ఫర్మానా ఇచ్చాడు. ఆయన కోరింది ఖుద్‌ముఖ్తారీ, అంటే తన గద్దె తనకుండటం. రజాకార్లు దాన్నే 'ఆజాద్ హైదరాబాద్' అన్నారు. రాజుకు ఆజాదీ, రైతుకు వెట్టి! హైదరాబాద్ భారత్‌లో కలవాలని 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రికలో రాసిన సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో చంపారు. రాసిన చేతినే నరికారు. ఆజాద్ హైదరాబాద్‌లో ఒక ముస్లిం కలానికి దక్కిన ఆజాదీ అది. ఆయన్ని ముందుగా గుర్తుపెట్టుకోవాల్సిన మేమే మరిచిపోయాం.

సెప్టెంబర్ 13న సైన్యం వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాత జిల్లాలు తిరిగిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా కట్టింది. చనిపోయినవాళ్ళలో అత్యధికులు ముస్లింలు. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు.

ఆ రోజును విమోచన అంటే, చెర పెట్టినవాడెవడని చూపు వెతుకుతుంది. అది నిజాం దగ్గర ఆగదు, సందు చివర పంక్చర్లు వేసుకునే సాయిబు దాకా వస్తుంది. 2022లో అదే రోజుకు కేంద్రం విమోచన అనీ, రాష్ట్రం జాతీయ సమైక్యత అనీ పేర్లు పెట్టాయి. 2024లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన అంది. మా నానీ ఇవేవీ అనలేదు. ఎవరి పెళ్ళి గురించి అడిగినా, ఎవరి పుట్టుక గురించి అడిగినా "పోలీస్ యాక్షన్‌కు ముందు" అనో, "తర్వాత" అనో చెప్పేది. ఆ మాటలో పండగ లేదు, శాపనార్థమూ లేదు.

ఇదంతా ఫోన్‌లో చెప్పబోయాను. పోయినేడు కొండాపూర్‌లో టులెట్ బోర్డు చూసి వెళ్ళి, పేరు చెప్పగానే "అద్దెకిచ్చేశాం" అనిపించుకుని వచ్చిన పిల్లవాడు వాడు. ఆ ఆజాదీ ఏ తేదీ కింద వస్తుందో కూడా మాట్లాడుకోవాలనుకున్నాను.

"టైమ్ అయిపోయింది మామూ, ఆగస్టు 15 పెట్టేశా" అన్నాడు. దానికే మార్కు వచ్చిందట.