మన్యపు పచ్చబొట్టు

శాసనము రాతిపై నిలుచును. తాళపత్రము చెదలకు చిక్కకున్నచో కొన్ని వందల యేండ్లు మన్నును. పచ్చబొట్టు మాత్రము పొడిపించుకొన్న మనిషితోనే మట్టిలోనికో మంటలోనికో పోవును. 1991లో ఆల్ప్స్ పర్వతములలో దొరకిన 5,300 ఏండ్ల నాటి మనిషి దేహముపై 61 గుర్తులు లెక్కించగలిగిరనిన, అది మంచుగడ్డ చేసిన మేలు. మన లంబసింగి చలి అంతటి పని చేయజాలదు. కావున మన్యపు పచ్చబొట్ల చరిత్రకు వృద్ధస్త్రీల ముంజేతులే ముఖ్యాధారములు; అవి ఏటికేడు తరిగిపోవుచున్నవి. పెద్దల గుర్తుగా తొలి పచ్చబొట్టు పొడిపించుకొనదలచిన నేటి కొండ యువతి ఏ చేతిని చూచి తన చేతిపై వ్రాయించుకొనవలెను? మేము విచారింపదలచినది ఇదియే.

నర్సీపట్నము నుండి చింతపల్లికి పోవు దారిలోని లంబసింగిని శ్రోతలలో పలువురు ఎరుగుదురు. సుమారు వేయి మీటర్ల ఎత్తుననున్న ఈ గ్రామమునకు కొర్రబయలని మరియొక పేరు కలదు. ఆరుబయట నున్నవాడు చలికి కొయ్యవలె బిగిసిపోవునని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. 2022 నుండి ఇది అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. పొగమంచు చూడ వచ్చువారు వేకువనే వచ్చి, పొద్దెక్కగనే మరలిపోవుదురు. చుట్టుపట్ల బగతలు, కొండదొరలు, ఖోండులు మొదలగువారి గూడెములున్నవి.

పూర్వము ఆడపిల్లకు పచ్చబొట్టు పొడిపించుట తల్లియు అవ్వయు నిశ్చయించెడి పని. పిల్లను అడిగెడివారు లేరు. పెండ్లి కాకముందే ఒకనాడు చేయి పట్టుకొని కూర్చుండబెట్టెడివారు. కొన్ని సూదులను దారముతో జతగా కట్టి, దీపపు మసిని ఆకుపసరుతోనో చనుబాలతోనో నూరి, ఆ మసిలో సూదిమొనలు ముంచి చర్మముపై వరుసగా పొడిచెడివారు. నొప్పి తెలియకుండుటకు మాటలో, పాటయో సాగుచుండెడిది. ముగిసిన పిదప పసుపు పూసెడివారు. వాపు తగ్గి, పొర ఊడిన తరువాత గుర్తు తేలును. నూరినది నల్లని మసియే అయినను, చర్మపు పై పొర గుండ చూచునప్పుడు అది ఆకుపచ్చనో నీలమో అయి కనిపించును. మన భాష దానికి పచ్చబొట్టని పేరు పెట్టినది అందుకే. చర్మములోని రక్షక కణములు ఆ మసిని మ్రింగి పట్టియుంచునని, ఒక కణము చచ్చినచో మరియొకటి దానిని అందుకొనునని 2018లో ఫ్రాన్సు దేశపు పరిశోధకులు ఎలుకలపై పరీక్షించి తెలిపిరి.

గీతలు, చుక్కలు, ముగ్గు, చేప, తేలు – ఇవి మైదానములందును కొండలందును కనిపించెడివే. కాని అర్థములు వేరు. ఒడిశా కొండలలోని కుటియా కోంధ స్త్రీలు ముఖము నిండ గీతలు పొడిపించుకొనెడివారు. చచ్చిన పిమ్మట తమవారు తమను ఆనవాలు పట్టుటకని వారి విశ్వాసము. నగలు, చీరలు ఇక్కడనే ఉండిపోవును, పచ్చబొట్టొక్కటే వెంట వచ్చునను మాట మధ్య భారతపు కొండజాతులు అనేకములలో వినవచ్చును. ఇందు తమ ఇష్టము వచ్చిన బొమ్మ నెంచుకొనుట అనునది లేదు. అవ్వకున్నదే మనుమరాలికి.

ఇక పొడిచెడి చేయి ఎవరిది? ఆదిలాబాదు గోండులకు తోటి స్త్రీలు పొడిచెడివారు. తెలుగుదేశమున పెక్కుచోట్ల ఈ పని ఎరుకల స్త్రీలది. సోది చెప్పుట, బుట్టలల్లుట, పచ్చబొట్లు పొడుచుట – మూడును ఆమె విద్యలు. కూలి సాధారణముగా గింజలే. ఎరుకలవారు పశువులపై ఉప్పు వేసికొని కోస్తా నుండి లోపలి సీమలకు మోసికొనిపోయి, అక్కడి సరకులు మరల తెచ్చెడివారు. రైలుబండ్లు వచ్చి ఆ వర్తకమును దెబ్బతీసెను. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము వెదురుకును మేతకును అడ్డు వచ్చెను. అటుపిమ్మట 1911 నాటి నేరజాతుల చట్టము మద్రాసు రాజధానికి వర్తింపగా, ఎరుకలవారిని అనేకచోట్ల పుట్టుకతోనే నేరస్థులుగా పట్టికల కెక్కించి, వారి వ్రేలిముద్రలు తీసికొనిరి. 1913లో బాపట్ల సమీపమున స్టూవర్టుపురము సెటిల్మెంటు వెలసినది. ఊరూర తిరుగుట బ్రతుకుదెరువైన స్త్రీకి ఊరు దాటుటకు అనుమతి కావలసివచ్చెను. ఆ చట్టము దేశమంతట 1952లో రద్దయినది. ఇతరుల చేతులపై వారి కులగుర్తులు నిలిపిన స్త్రీ చేతికి ప్రభుత్వము సిరా పూసి వ్రేలిముద్ర వేయించుకొన్నది! దీనికంటె విడ్డూరము మా ఎరుకలో లేదు.

ప్రభుత్వము సూదిని తానే పట్టిన దినములును కలవు. బెంగాలు, మద్రాసు రాజధానులలో యావజ్జీవ ఖైదీల నుదుట వారి నేరమును పొడిపించెడి శిక్ష 1849 వరకు అమలులో నుండెను. పిమ్మట నేటాలు, ఫిజీ తోటలకు కూలీలను ఎక్కించునప్పుడు, వారి పత్రములపై పేరు, గ్రామము, కులములతోపాటు దేహచిహ్నములును వ్రాసికొనెడివారు. గుమాస్తాకు అది మనిషి తప్పిపోకుండుటకు గుర్తు. ఆ మనిషికి మాత్రము అది ఇంటి గుర్తు. మన బడి సర్టిఫికెట్లలో రెండు పుట్టుమచ్చలు వ్రాయు ఆచారము ఈ లెక్కలకు దూరపు చుట్టమే. మన కాలమున భారత సైన్యములో చేరబోవు ఇతరులకు పచ్చబొట్టు విషయమున కట్టుబాట్లున్నను, గిరిజనులకు జాతి ఆచారము ననుసరించిన గుర్తులు ఏ అవయవముపై నున్నను సమ్మతమే. ఆచారమని ధ్రువపత్రము మాత్రము చూపవలెను.

ఇప్పుడు ఆ యువతి సంగతి. 1891లో న్యూయార్కు నగరమున పేటెంటు పొందిన విద్యుత్ సూది సంతతి నేడు విశాఖపట్నములో దొరకును. కొత్త సూది, శుభ్రమైన రంగు అడుగుట ఆమె హక్కు. పూర్వము ఒకే సూదుల కట్ట అనేకుల చేతులపై నడచుట మంచి పద్ధతి కాదు, దానిని తిరిగి కోరనక్కరలేదు. చిక్కు బొమ్మలోనే వచ్చును. దుకాణపు పుస్తకములో గిరిజన చిత్రములని ఉండునవి ఏ సముద్రద్వీపము నుండి వచ్చినవో చెప్పలేము. టాటూ అను మాటయే పాలినీషియా దీవుల భాషలలోనిది.

అందుచేత పట్నము పోకముందే ఇంటిలోని అవ్వ ముంజేతిపై పలుచని కాగితము పరచి, చుక్కలు ఉన్నవున్నట్లు దించుకొనుట మేలు. వయసుతో గీత అలికినట్లయి ఉండును. ఏది మొదట చుక్కయో, ఏది గీతయో అవ్వయే చెప్పవలెను. ఏ చుక్కకు ఏమి పేరు, ఏ యేట పొడిచిరి, కుడిచేయా ఎడమచేయా, కూలికి ఏ గింజలిచ్చిరి – ఇవన్నియు ఆ కాగితపు అంచున వ్రాసికొనవలెను. పొడిచిన ఎరుకలామె పేరు అవ్వకు గుర్తున్నచో అదియును.